ఉదాహరణసంఖ్యయు గ్రంథగౌరవమును

ఒక గ్రంథమును ఎందఱు పండితులు తమ రచనలయం దుదాహరించిరో లెక్కించి, ఆ లెక్కనుబట్టి దాని గౌరవమును నిర్ణయించు పద్ధతి నేఁడు విద్యాలోకమున నంతటను వ్యాపించియున్నది. అధ్యాపకుల నియామకమునకును, వారి పదోన్నతికిని, విశ్వవిద్యాలయముల తారతమ్యనిర్ణయమునకును ఈ సంఖ్యలే యాధారములగుచున్నవి. ఇది పాశ్చాత్యులనుండి వచ్చిన క్రొత్తవింత యని కొందఱును, పక్షపాత మెఱుఁగని త్రాసని కొందఱును దలంచుచున్నారు. రెండభిప్రాయములును సమగ్రములు గావు. ఉదాహరణముచేఁ బ్రామాణ్యము నేర్పఱచు నాచారము తెలుఁగువారికిఁ జాల ప్రాఁతది. దాని గుణమును, దోషమును గూడ తెలుఁగు వాఙ్మయచరిత్రమున స్పష్టముగాఁ గానవచ్చుచున్నవి. ఆ పూర్వానుభవము నెదుట నుంచుకొని క్రొత్త మానమును బరీక్షించుట యుక్తము.

లక్షణకర్త యొక సూత్రమును జెప్పి, దానికి లక్ష్యముగాఁ బూర్వకవి పద్యమును జూపుట తెలుఁగు లక్షణగ్రంథముల సంప్రదాయము. ఛందస్సునందుఁ గాని వ్యాకరణమునందుఁ గాని యొక ప్రయోగము సాధువా, యసాధువా యను సంశయము గలిగినపుడు, దానికిఁ బ్రయోగ మెచటఁ గలదని యడుగుదురు. నన్నయతిక్కనాదుల పద్య మొకటి చూపఁగానే వివాదము శమించును. కావున లక్ష్యముగా గ్రహింపఁబడిన కవి ప్రామాణికుఁడయ్యెను. గ్రహింపఁబడని కవి యెంత రసవత్తరముగ వ్రాసినను పండితసభలో వెనుకవరుసను గూర్చుండవలసినవాఁ డయ్యెను. సంఖ్య గట్టి పట్టికలు వేయలేదను మాటయే కాని, ఉదాహరణమే గౌరవమునకు గుర్తను భావము నేఁటి సూచికాకర్తలయం దెట్లున్నదో నాఁటి లాక్షణికులయందు నట్లే యుండెను.

ఈ యాచారమువలనఁ గలిగిన మేలు సామాన్యము గాదు. మడికి సింగన తన సకలనీతిసమ్మతమునఁ బూర్వుల నీతిగ్రంథములనుండి పద్యముల నెత్తి చూపకున్నచో, ముద్రామాత్యమువంటి కృతి యొకటి యుండెనన్న సంగతియే మఱుగునఁ బడియుండెడిది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లోఁ బ్రకటించిన ప్రబంధరత్నావళి యిట్టి మేలునకే మఱియొక నిదర్శనము. అందలి పద్యములు పెక్కింటికి మూలగ్రంథములు నశించినవి. ప్రాచీన సంకలనకర్త లుదాహరించుటచే నా పద్యములు మాత్రము దక్కినవి. ఉదాహరించువాఁడు తన ఋణమును దెలుపుటయే కాక, యొక్కొకయెడ మూలకృతికిఁ బ్రాణదాతయు నగుచున్నాఁడు. సంఖ్యలను నిందించువారు ఈ యుపకారమును మఱవరాదు. అయినను ఇదే యాచారము ఒక మహాకవియెడ నెట్లు ప్రవర్తించినదో చూచినచో దాని రెండవముఖము గోచరించును.

నర్సింహులపేటనుండి తొఱ్ఱూరు మీఁదుగాఁ బోవువారికి పాలకుర్తియు, బమ్మెరయు దూరపుటూళ్లు గావు. 2016లో జిల్లాల పునర్విభజనము జరిగినపుడు నర్సింహులపేట మహబూబాబాదు జిల్లాలోను, తక్కిన రెండును జనగామ జిల్లాలోను జేరినవి. అంతకుమున్ను మూఁడును వరంగల్లు జిల్లాలోనివే. పాలకుర్తి పేరు సోమనాథునితోను, బమ్మెర పేరు పోతనతోను విడదీయరానివై యున్నవి. పోతన నివాసమునుగూర్చి ఓరుగంటివారికిని, ఒంటిమిట్టవారికిని నడచిన వాద మట్లుండనిండు. పదునేనవ శతాబ్దమునఁ బుట్టిన యాతని భాగవతము తెలుఁగునాఁ డంతట వ్యాపించిన విషయమున నెవ్వరికిని వాదము లేదు.

అట్టి గ్రంథమునకు లక్షణకర్తల పుటలలో దక్కవలసిన స్థానము దక్కలేదు. క్రీ. శ. 1656 ప్రాంతమున వెలసిన అప్పకవీయమునఁ గాకునూరి అప్పకవి దీనికిఁ గారణమును జెప్పినాఁడు. భాగవతమునఁ బ్రాసస్థానమున రేఫమును, శకటరేఫమును గలసిపోయిన వనియు, అందువలన లక్షణకర్తలు దాని పద్యములను లక్ష్యములుగా గ్రహింప మానిరనియు నాతని వాక్యమునకుఁ దాత్పర్యము. 'ర' యను నక్షరమునకును, 'ఱ' యను నక్షరమునకును బ్రాసమైత్రి లేదని లాక్షణికుల నియమము. ఆ నియమమునకు భంగము గలదని తలంచిన గ్రంథమును వారు దూరముగా నుంచిరి. పదునెనిమిదవ శతాబ్దమున కూచిమంచి తిమ్మకవి సర్వలక్షణసారసంగ్రహమునఁ బోతన పక్షమును వహించి దీనికిఁ బ్రతివచనము చెప్పెను. భాగవతమంతయుఁ బోతనదే కాదు. పంచమస్కంధము గంగనదియు, షష్ఠము ఏర్చూరి సింగనదియు, ఏకాదశద్వాదశములు వెలిగందల నారయవియు నగుటచే, అట్టి దోషము లితరుల భాగములవి కాని పోతనవి కావని యాతని సమర్థనసారము.

ఈ వాదప్రతివాదములయందు విమర్శకులు గమనింపవలసిన విషయములు మూఁడు గలవు. మొదటిది: లక్షణకర్త యుదాహరించునది తన యక్కఱనుబట్టియే. ఆతనికిఁ గావలసినది ప్రాసమునకు నిదర్శనము. గజేంద్రుని యార్తియుఁ, బ్రహ్లాదుని దార్ఢ్యమును ఆతని సూత్రమునకు నవసరములు గావు. అందుచే నుదాహరణము లేకపోవుట గ్రంథమున గుణము లేదనుటకు సాక్ష్యము గాదు. ఆ గుణమును గొలుచు పరికరము లక్షణకర్త చేత లేదనుటకే సాక్ష్యము.

రెండవది: పోతనను సమర్థించిన తిమ్మకవియు నా కొలతను ప్రశ్నింపలేదు. రేఫశకటరేఫముల సాంకర్యము కవిత్వమునకు నిజముగా నెంతటి హానియని యాతఁ డడుగలేదు. లక్ష్యముగా గ్రహింపఁబడుటయే గౌరవమని తానును నంగీకరించి, తప్పును జతగాండ్రపైకిఁ ద్రోసి, తన కవిని మాత్రము తప్పించుకొనునట్లు చేసెను. ఒక మాన మొకమాఱు లోకమున నెలకొనినచో దానిచే నష్టపడినవారి మిత్రులు సైత మా మానము భాషలోనే వాదింపవలసివచ్చు ననుటకు దీనికంటె మంచి నిదర్శనము దొరకదు. గంగన సింగన నారయల కిందువలనఁ గలిగిన యపకీర్తి యీ పద్ధతికిఁ జెల్లించిన మూల్యము.

మూఁడవది: కాలము గడచినకొలఁది రేఫశకటరేఫముల భేద ముచ్చారణమున నశించి, నేఁటి వ్రాఁతలో శకటరేఫము లుప్తప్రాయమైనది. ఏ యక్షరభేదమును బట్టి గ్రంథమును ద్రోసివేసిరో ఆ యక్షరమే వాడుకనుండి తొలఁగినది. భాగవతము మాత్రము నిలిచియున్నది. అక్షరజ్ఞానము లేనివారును గజేంద్రమోక్షమునుండి యొకటి రెండు పద్యములు నోటికిఁ జెప్పుట తెలుఁగుపల్లెలలో నందఱు నెఱిఁగినదే. ఈ పఠన మే లక్షణగ్రంథమునను లెక్కకు రాలేదు.

ఇఁక నవీనమానము నుత్పత్తిని జూడవలెను. 1873లో అమెరికాలో ఫ్రాంక్ షెపర్డు న్యాయవాదుల కొఱకు, ఒక తీర్పును దరువాతి తీర్పు లెక్కడెక్కడ నుదాహరించినవో తెలుపు సూచికను బ్రారంభించెను. తరువాతి తీర్పు పూర్వపు తీర్పును నిలిపినదా, త్రోసినదా యని తెలియుట యందలి ప్రయోజనము. ఈ మార్గమునే శాస్త్రవ్యాసముల కన్వయింపవచ్చునని యూజీన్ గార్‌ఫీల్డు 1955లో సైన్స్ పత్రికలో వ్రాసి, 1964 నాఁటికి శాస్త్రోదాహరణసూచిక నొక ప్రకటనగా నెలకొల్పెను. ఒక వ్యాసమున దోషమున్నచోఁ దరువాతివారు దాని నెచట ఖండించిరో తెలిసికొనుటయుఁ, బరస్పరసంబంధముగల పరిశోధనలు వెదకుటయు నాతని తొలి యుద్దేశము. అనఁగా నది పుస్తకశాలలోఁ ద్రోవచూపు దీపముగాఁ బుట్టినది. వ్యక్తుల తూనికరాయిగా మాఱుట తరువాతి కథ.

ఆ మార్పునకుఁ దోడ్పడినవి రెండు గణనలు. ఒకటి పత్రికల ప్రభావాంకము. ఒక పత్రిక గడచిన రెండేండ్లలోఁ బ్రకటించిన వ్యాసములు నూఱనియు, వానికి ఈ యేడు వచ్చిన యుదాహరణములు రెండువందల యేఁబదియనియుఁ గొన్నచో, ఆ పత్రిక ప్రభావాంకము రెండున్నర. ఈ రెండున్నర నూఱు వ్యాసములకు సగటు. అందు నాలుగైదు వ్యాసములే యుదాహరణములలోఁ బెద్దపాలు గొనిపోవచ్చును. పెక్కింటి కొకటియు రాకపోవచ్చును. అయినను ఆ పత్రికలో వ్రాసిన ప్రతివానికి నా యంకెను దలపాగవలెఁ జుట్టుచున్నారు. పుస్తకశాల పేరునుబట్టి యందలి ప్రతిగ్రంథమును సద్గ్రంథ మనుట యెట్టిదో యిదియు నట్టిదే.

రెండవది 2005లో భౌతికశాస్త్రజ్ఞుఁడు హోర్హె హిర్షు కల్పించిన హెచ్ సూచిక. ఒకరి వ్యాసములలోఁ బదింటికి, ఒక్కొక్కదానికిఁ బదికిఁ దక్కువ గాకుండ, ఉదాహరణములున్నచో ఆతని సూచిక పది. పదునొకటి గావలెనన్నచోఁ బదునొకండు వ్యాసములకుఁ బదునొకండేసి గావలెను. ఒక్క వ్యాసముచేఁ బ్రసిద్ధుఁడైనవానికంటె స్థిరముగఁ గృషిచేసినవానిని గుర్తించుట దీని సదుద్దేశము. కాని రచనల సంఖ్యను సూచిక యెన్నఁడును మీఱఁజాలదు. భాగవతము, వీరభద్రవిజయము, భోగినీదండకము, నారాయణశతకము అని పోతన పేరఁ జెప్పఁబడు కృతులు నాలుగు. లోకమంతయు నుదాహరించినను ఆతని సూచిక నాలుగును దాటదు. ఏఁట నైదాఱు చిన్నవ్యాసములు ప్రకటించు సామాన్యుఁ డొకఁడు కొలఁదికాలమున నాతనిని మించిపోవును. కవిని శాస్త్రజ్ఞుల త్రాసునఁ దూఁచుట న్యాయమా యని యాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణము సరియైనదే. అయితే సాహిత్యపరిశోధకుని నదే త్రాసునఁ దూఁచునపుడు ఈ యాక్షేపణము జ్ఞప్తికి రాకుండుటయే శోచనీయము.

శాస్త్రలోకముననైన నీ త్రాసు నిర్దుష్టమా యని చూచుటకుఁ దెలుఁగువాఁడైన యెల్లాప్రగడ సుబ్బారావు చరిత్రము చాలును. 1895లో భీమవరమునఁ బుట్టి, అమెరికాకుఁ బోయి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతోఁ గలసి పనిచేసిన యాతఁడు, 1925లో భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని బ్రకటించెను. శాస్త్రవాఙ్మయమున నత్యధికముగ నుదాహరింపఁబడిన రచనలలో నా వ్యాస మొకటి. దానికిఁ గారణము స్పష్టము. భాస్వరమును గొలువవలసిన ప్రతిపరిశోధకుఁడు తాను గొలిచిన పద్ధతిని జెప్పవలెను. చెప్పినప్పుడెల్ల ఫిస్కే సుబ్బారావుల పేరులు వచ్చును.

అదే యిరువురు 1929లోఁ గండరములలో నుండు అడినొసిన్ ట్రైఫాస్ఫేటును గూర్చి ప్రకటించిరి. జర్మనీలో కార్ల్ లోమన్ వేఱుగ నదే యేఁట దానిని గనుఁగొనెను. ప్రాణుల శరీరమున శక్తిని జేరవేయు నా పదార్థము నేఁడు పాఠశాలల పుస్తకములలోఁ గూడఁ గలదు. పాఠ్యపుస్తకమునకెక్కిన సత్యమునకుఁ గర్త పేరు చెప్పువారుండరు. అందఱును నెఱిఁగిన దగుటచే దాని నుదాహరింప నక్కఱలేదు. ఇచట నుదాహరణము తగ్గుట ప్రభావము పెరుగుటకు గుర్తు. పరిశోధనము సర్వజనసామాన్యమైనకొలఁది లెక్కలోనుండి తొలఁగుచుండును.

అనంతరము 1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలోఁ జేరి యందలి పరిశోధనలకు నాయకత్వము వహించెను. ఫోలిక్ ఆమ్లముపైని, దానికిఁ బ్రతికూలమగు ఔషధములపైని అచటఁ బని జరిగెను. 1948లో సిడ్నీ ఫార్బరు ప్రభృతులు అమినోప్టెరిన్ అను మందుచే శిశువుల లుకేమియాకుఁ దాత్కాలికోపశమము గలిగినదని ప్రకటించిరి. ఆ మందు వచ్చినది సుబ్బారావు నాయకత్వమునఁ బనిచేసిన బృందమునుండి. ఆ వ్యాసకర్తల పట్టికలో నాతని పేరు లేదు. బోదవ్యాధికి వాడు డైఎథిల్ కార్బమజీన్ మందును ఆ పరిశోధనాలయమునుండియే వెలువడెను. తెలుఁగుసీమలో బోదవ్యాధిగల జిల్లాలయందు ఆరోగ్యకార్యకర్త లింటింటికి నా మాత్రలు పంచియున్నారు. మాత్ర మ్రింగినవాఁ డే వ్యాసమును నుదాహరింపఁడు. 1948 ఆగష్టులో సుబ్బారావు మరణించెను. ఆతని పేర నత్యధికసంఖ్యను సంపాదించినది కొలఁత నేర్పిన వ్యాసము. మనుష్యుల ప్రాణములఁ గాచిన పని సంఖ్యలో స్వల్పముగనే చేరినది. పోతన విషయమునఁ గనుఁగొన్న న్యాయమే యిచటను గానవచ్చుచున్నది. ఉదాహరణము తెలుపునది ఉదాహరించువాని యక్కఱ.

ఈ విచారమునకుఁ దెలుఁగుపరిశోధనముతో సాక్షాత్సంబంధము గలదు. భారతప్రభుత్వము 2015లో నేర్పఱచి, 2016లోఁ దొలిపట్టికను బ్రకటించిన విద్యాసంస్థల జాతీయశ్రేణీకరణమునఁ బ్రకటనలును, ఉదాహరణములును స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అను సూచికలనుండి గ్రహింపఁబడుచున్నవి. ఆ సూచికలలో నాంగ్లపత్రికలదే ప్రాధాన్యము. తెలుఁగున వెలువడు పరిశోధనపత్రికలకుఁ జోటు లేనట్లే. నర్సింహులపేట ప్రాంతమున నొక పరిశోధకుఁ డూరూర సంచరించి, వృద్ధుల నోటఁ బోతనపద్యములు చెప్పఁబడు తీరును, ముద్రితప్రతికిని నోటిపాఠమునకును గల భేదమును సేకరించి తెలుఁగున వ్రాసెనని భావింపవచ్చును. ఆ వ్యాసమునకుఁ జదువరు లా ప్రాంతమువారు, భాగవతపాఠపరిష్కర్తలు, జానపదవాఙ్మయము నెఱిఁగినవారు. వారిలోఁ బెక్కండ్రు వ్యాసకర్తలు గారు. వ్యాసములు వ్రాయువారును వ్రాయునది సూచికలు చూడని పత్రికలలో. కనుక నాతని లెక్క శూన్యము. ఆతఁ డది గ్రహించి, పదోన్నతికొఱకు లోకసామాన్యమగు వేఱొక విషయము నెన్నుకొని యాంగ్లమున వ్రాయ మొదలిడినచో నాతనిని దప్పుపట్టుట కష్టము. అంతలో నా వృద్ధులు గతించెదరు. వారితోఁ బోయిన పాఠమును మఱి సంపాదింపఁ జాలినవారు లేరు.

లెక్కలోఁ గానరాకుండుట లేకుండుటగా భావింపఁబడుట తెలంగాణమునకుఁ గ్రొత్త గాదు. ఈ సీమలోఁ గవులు పూజ్యమని యొక పండితుఁడు వ్రాసినపుడు, సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను బ్రకటించి, 354 మంది కవులను లోకమున కెఱిఁగించిరి. ఇచట సంఖ్య చేసిన యుపకారము గొప్పది. శూన్యమన్నవానికి సంఖ్యకంటె సూటియైన ప్రత్యుత్తరము లేదు. అయితే ఆ సంచిక విలువ 354 అను నంకెలో ముగియలేదు. అందుఁ గవుల పద్యములును ముద్రింపఁబడినవి. చదివి తారతమ్యమును నిర్ణయించు భారము పాఠకునకు విడువఁబడినది. సంఖ్య ద్వారమును దెఱచినది. తీర్పు చదువుటవలన రావలసినది.

ఒక గ్రంథము వేఱొక గ్రంథమునందు జీవించుటకు నుదాహరణ మొక్కటియే మార్గము గాదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపుచున్నది. ఆ ద్విపదకృతిని బిడుపర్తి సోమనాథుఁడు పద్యకావ్యముగ మఱల రచించెను. 1369లో భీమకవి దానిని గన్నడమునకుఁ గొనిపోయెను. ఒక కృతి యంతయు మఱియొక భాషలోఁ బునర్జన్మమందుటయుఁ, బాదసూచికలో నొకమాఱు పేర్కొనఁబడుటయు నేఁటి గణనలో సమానములు. ఒక్కొక్కదానికి నొక్కొక్క యంకె. ఇట్టి సమానత్వము లెక్కకు సౌకర్యమే కాని సత్యము గాదు.

సంఖ్యాపక్షమువారి సమాధానమును వినవలెను. సంఖ్య లేనిచోట నధికారుల యిష్టమును, కులమిత్రబంధుత్వములును నియామకములను నడపునని వా రందురు. మాఱుమూల కళాశాలలో నున్న యోగ్యుఁడు తన వ్యాసమునకు వచ్చిన యుదాహరణములను జూపి పెద్దల యుపేక్ష నెదిరింపఁగలఁడనియు వారి మాట. ఇది త్రోసివేయఁదగినది గాదు. అయితే సంఖ్య ప్రతిఫలమునకు మూలమైనంతనే దాని స్వభావము మాఱును. ఒక కొలఁతను బాలనమునకు సాధనముగఁ గొన్నచోఁ గొలఁతగా నది చెడునను న్యాయమును ఛార్లెస్ గుడ్‌హార్ట్ అను నాంగ్లార్థశాస్త్రజ్ఞుఁడు 1975లోఁ జూపెను. తన్ను దానే యుదాహరించుకొనుటయు, మిత్రులు పరస్పర ముదాహరించుకొనుటయు, ద్రవ్యము గొని యేదైనఁ బ్రకటించు పత్రికలు పుట్టుటయు దీని ఫలములు. అధ్యాపకుల కృషికి మార్కులు గట్టు విధానమును విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము 2010 నిబంధనలలోఁ బ్రవేశపెట్టెను; నకిలీపత్రికల నరికట్టుటకై 2019లోఁ గేర్ అను పత్రికల పట్టికను బ్రకటించెను; 2025లో నా పట్టికను విరమించెను. పట్టిక మాఱినను, చదువకయే తీర్పు చెప్పవలెనను కోరిక మాఱనంతకాల మీ చిక్కు తీఱదు.

ఇతరదేశములలోను నీ విషయమునఁ బునర్విచారము జరిగినది. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలోఁ గూడిన శాస్త్రజ్ఞులు పత్రికల ప్రభావాంకమునుబట్టి వ్యక్తుల యోగ్యతను నిర్ణయింపరాదని ప్రకటన సిద్ధపఱచి, మఱుసటి యేఁడు లోకమునకు వెల్లడించిరి. 2015లో నేచర్ పత్రికలో వెలువడిన లైడెన్ ప్రకటనము పది సూత్రములను జెప్పుచు, స్థానికప్రయోజనముగల పరిశోధనమును గాపాడవలెనని యందొక సూత్రముగఁ జేర్చెను. సంఖ్యలను గట్టుటయందు నిపుణులైనవారే యీ మాట చెప్పుట గమనింపఁదగినది.

కావున నుదాహరణసంఖ్యను సాక్షిగాఁ బిలువవచ్చును; న్యాయాధిపతి పీఠమునఁ గూర్చుండఁబెట్టరాదు. సాక్షినైనను మూఁడు ప్రశ్న లడుగవలెను: ఎవరుదాహరించిరి? దేనికై యుదాహరించిరి? ఉదాహరింపని వా రేల మానిరి? అప్పకవి యీ మూఁడవ ప్రశ్నకు సమాధానమును దాఁచక వ్రాసినాఁడు. ఆ విషయమున నాతఁడు నేఁటి సూచికలకంటె నయము. రేఫశకటరేఫములే కారణమని యాతఁడు చెప్పినందుననే తరువాతివా రా కారణము చాలునా, చాలదా యని విచారింపఁగలిగిరి. నేఁటి యంకె తన కారణమును జెప్పదు. శూన్యమను నంకె, చదువఁబడి త్రోయఁబడిన వ్యాసమునకును, సూచిక కన్నెత్తి చూడని వ్యాసమునకును నొక్కటియే. ఆ రెంటిని వేఱుపఱచుటకు వ్యాసమును దెఱచి చదువుట తప్ప మార్గాంతరము లేదు. తెలుఁగుపరిశోధకుని యోగ్యతను నిర్ణయింపఁ గూర్చున్నవా రాతని వ్యాస మొకటియైనఁ జదివినచో నీ దోషములలోఁ బెక్కులు తొలఁగును.